డబ్బా ఎవరిది?

కొత్త టీవీ కొన్న ఇంటికో, అద్దె ఇల్లు మారిన కుటుంబం దగ్గరికో డిష్ బిగించే కుర్రాడు వస్తాడు. పిట్టగోడకు బోల్టులు బిగిస్తాడు, వైరు కిటికీలోంచి లోపలికి లాగి టీవీ పక్కన సెట్‌టాప్ డబ్బాకు తగిలిస్తాడు, డిష్‌ను కాస్త అటు, కాస్త ఇటు తిప్పి సిగ్నల్ పట్టుకుంటాడు. ఫోనులో వివరాలు ఎక్కించి, డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు. ఇంటిల్లిపాదీ ఛానెళ్లు వెతుక్కోవడంలో పడతారు. ఇచ్చిన డబ్బు దేనికిచ్చామో ఆ హడావిడిలో ఎవరూ అడగరు. డబ్బా కొనుక్కున్నామా? అద్దెకు తెచ్చుకున్నామా? వాడుకొమ్మని ఇచ్చి, తిరిగి అడిగే హక్కు సంస్థ తన దగ్గరే పెట్టుకుందా? ఏళ్లు గడిచాక ఇల్లు మారేటప్పుడో, డబ్బా పాడైనప్పుడో ఈ ప్రశ్న ఎదురవుతుంది. అప్పటికి కాగితం ఉండదు, ఆ కుర్రాడి నంబరూ ఉండదు.

పైకి ఇది రెండు వేల రూపాయల లోపు వ్యవహారం. కానీ నెలనెలా రీఛార్జి చేయించుకుని ఉపగ్రహం ద్వారా టీవీ చూసే ఇళ్లు మన దేశంలో ఇప్పటికీ కోట్లలో ఉన్నాయి. వాటిలో చాలా ఇళ్లు రెండు వేలు తీసేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవే. డబ్బాను కొనుక్కోవడంతో పాటు అద్దెకు తీసుకునే దారి కూడా వినియోగదారుకు ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు చాలా కాలంగా చెబుతున్నాయి. ఆ దారి ఉందని ఇంటికి వచ్చినవాళ్లు చెప్పరు, మనమూ అడగం. అడగాలంటే ముందు ఏది కొనదగ్గదో, ఏది అద్దెకే తగినదో మనకు కొంత తెలిసి ఉండాలి.

ఈ దేశంలో ఉపగ్రహ టెలివిజన్ మొదలైందే ఎరువు సొమ్ముతో. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఏడాదిపాటు నడిచిన ‘సైట్’ అనే టీవీ ప్రయోగానికి వాడిన ఏటీఎస్-6 ఉపగ్రహం అమెరికా నాసాది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలను ఎంచుకున్నారు. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో పది అడుగుల యాంటెన్నాలు చేసి బడి ఆవరణల్లో, పంచాయతీ కార్యాలయాల దగ్గర నిలబెట్టారు. టీవీ సెట్లు మన హైదరాబాదులోని ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. తెలుగు కార్యక్రమాలు తయారుచేయడానికి హైదరాబాదులోనే ఒక కేంద్రం పెట్టారు. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దవాళ్లకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం. ఊరంతా నేల మీద కూర్చుని చూసిన ఆ పెట్టెను ఊళ్లో ఎవరూ కొనలేదు, ఎవరూ దానికి అద్దె కట్టలేదు. పాడైతే బాగు చేయించడం ప్రభుత్వం పని.

ఏడాది పూర్తికాగానే నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకుంది. ఎరువు సొమ్ముకు గడువు ఉంటుంది. ఆ ఏడాది నేర్పిన పాఠంతోనే దేశం సొంత ప్రసార ఉపగ్రహాల దారి పట్టింది. 1982లో పంపిన ఇన్సాట్-1ఏ కొన్ని నెలలకే పనికిరాకుండా పోయింది. 1983లో వెళ్లిన ఇన్సాట్-1బీ నిలబడింది. అవి రెండూ అమెరికాలో చేయించి కొన్నవి. 1992లో ఇన్సాట్-2ఏతో మన శాస్త్రవేత్తలు ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టారు. 1997 అక్టోబరులో ఇన్సాట్-2డీ చెడిపోయి ఆకాశంలో జాగా ఖాళీ పడితే, కొత్తది తయారయ్యేదాకా ఆగే వీలు లేక, అప్పటికే కక్ష్యలో తిరుగుతున్న ఒక అరబ్‌శాట్ ఉపగ్రహాన్ని అక్కడికక్కడే కొన్నారు. తెచ్చుకోవడం, చేయించుకోవడం, తయారుచేసుకోవడం, ఒకరు వాడినదాన్ని కొనుక్కోవడం అన్నీ ఈ దేశం పాతికేళ్ల లోపే చేసి చూసింది. ప్రతిసారీ అవసరాన్ని బట్టి, చేతిలోని డబ్బును బట్టి, నష్టం వస్తే ఎవరు తట్టుకోగలరన్నదాన్ని బట్టి నిర్ణయం మారింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి జీశాట్-24 అనే ఉపగ్రహం వెళ్లింది. బరువు 4,180 కిలోలు. తయారుచేసింది ఇస్రో, యజమాని ప్రభుత్వ రంగంలోని న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్. దాని సామర్థ్యాన్ని మొత్తంగా టాటా ప్లే సంస్థ అద్దెకు తీసుకుంది. మన ఇంటికి డిష్ బిగించే సంస్థే ఆకాశంలో అద్దెకుంటోందన్నమాట. ఇందులో తప్పేమీ లేదు, అది తెలివైన నిర్ణయం. ఉపగ్రహాన్ని కట్టడం, ప్రయోగించడం, పదిహేనేళ్లపాటు దాన్ని సరైన చోట నిలబెట్టి ఉంచడం ఆ పనిలో పండినవాళ్లకు వదిలి, తమకు చేతనైన వ్యాపారం తాము చేసుకోవడం. వాళ్ల దగ్గర ఇంజనీర్లున్నారు, న్యాయవాదులున్నారు, లెక్కలు వేసేవాళ్లున్నారు. నెలల తరబడి బేరమాడి ఆ ఒప్పందం రాసుకుని ఉంటారు. పిట్టగోడ దగ్గర నిలబడిన గృహస్థుకు మాత్రం అదే రకం నిర్ణయానికి పది నిమిషాల సమయం, ఒక కుర్రాడి మాట తప్ప మరే ఆధారమూ ఉండవు. ఆ తేడాను కొంతైనా తగ్గించాలన్నదే మా కోరిక.

మేడ మీదా ఇంట్లోనూ ఉండే సామగ్రిని రెండుగా విడదీసి చూడాలి. డిష్, దాని ముందు బిగించే ఎల్‌ఎన్‌బీ, అక్కడినుంచి టీవీ దాకా వచ్చే వైరు ఒక భాగం. ఆకాశం నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను డిష్ ఒకచోటికి చేరుస్తుంది, ఎల్‌ఎన్‌బీ దాన్ని వైరులో ప్రయాణించగల స్థాయికి దించుతుంది. ఈ మూడూ ఫలానా సంస్థవి కానక్కరలేదు. ఒక సంస్థ ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, ఇంకొకరిది 95 దగ్గర, మరొకరిది 108 దగ్గర ఉంటుంది. అందుకే మన మేడల మీది డిష్‌లన్నీ దక్షిణానికీ తూర్పుకీ మధ్య ఆగ్నేయంలో ఎక్కడో ఒకచోటికి చూస్తుంటాయి. సంస్థ మారినప్పుడు డిష్‌ను కొత్త చోటికి తిప్పి బిగిస్తే చాలు, ఎల్‌ఎన్‌బీ కూడా తరచూ పాతదే పనికొస్తుంది. సన్ డైరెక్ట్, దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ రెండూ 93.5 డిగ్రీల దగ్గరి నుంచే వస్తున్నాయి కనుక వాటి మధ్య డిష్ తిప్పే పని కూడా ఉండదు. ఇన్ని తెలిసీ, సంస్థ మారిన ప్రతిసారీ కొత్త డిష్, కొత్త వైరు అంటగట్టడం చూస్తే బాధ కలుగుతుంది. హైదరాబాదులో కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఏ అపార్టుమెంటు మేడ ఎక్కినా ఒకే ఫ్లాటుకు చెందిన రెండు మూడు తుప్పు పట్టిన డిష్‌లు కనిపిస్తాయి. వాటిలో పనిచేసేది ఒకటే.

రెండో భాగం డబ్బా. ఉపగ్రహం నుంచి సిగ్నల్ ఊరందరి మేడల మీదా ఒకేలా పడుతుంది. డబ్బు కట్టిన ఇంట్లో బొమ్మ వచ్చి, కట్టని ఇంట్లో రాకుండా చేసేది డబ్బా. సంస్థ తన ప్రసారాన్ని గుప్తలిపిలోకి మార్చి పంపుతుంది. దాన్ని విప్పే ఏర్పాటు డబ్బాలోనో, అందులో దోపిన స్మార్ట్ కార్డులోనో ఉంటుంది. మనం రీఛార్జి చేయగానే ‘ఈ నంబరు డబ్బాకు ఫలానా ఛానెళ్లు తెరువు’ అనే ఆదేశం కూడా అదే ఉపగ్రహం మీదుగా వచ్చి చేరుతుంది. గుప్తలిపి ఏర్పాటు ఒక్కో సంస్థకు ఒక్కోటి. కాబట్టి ఒక సంస్థ డబ్బా ఇంకో సంస్థ ప్రసారానికి పనికిరాదు. డబ్బు పోసి కొన్నా అది ఇనప్పెట్టె కొని తాళంచెవి అమ్మినవాడి దగ్గరే వదిలి వచ్చినట్టే. కొన్ని ఒప్పందాల్లో డబ్బా వినియోగదారుదే అని ఒకచోట రాసి, కార్డు మాత్రం సంస్థదే అని మరోచోట రాసుకుంటారు. కార్డు లేని డబ్బాతో ఏం చేసుకోవాలో ఆ ఒప్పందం చెప్పదు.

ఈ చిక్కు ఎవరికీ తెలియనిది కాదు. ఇలా ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికి ప్రసారం చేసే డీటీహెచ్ సంస్థలకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు షరతుల్లోనే, డబ్బాలు ఒకరివి ఇంకొకరి సేవకు పనికివచ్చేలా ఉండాలన్న మాట మొదటినుంచీ ఉంది. 2003లో డిష్ టీవీ, 2006లో టాటా స్కై (ఇప్పటి టాటా ప్లే), 2008 నాటికి సన్ డైరెక్ట్, ఎయిర్‌టెల్, రిలయన్స్ బిగ్ టీవీ వచ్చాయి. ఆ మాట మాత్రం ఆచరణలోకి రాలేదు. 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ మరోసారి, డబ్బాలన్నీ ఏ సంస్థకైనా పనికివచ్చేలా ఉండాలని కేంద్రానికి సిఫార్సు చేసింది. దీనికి ఖర్చు పెరుగుతుందని, దొంగ ప్రసారాలకు దారి తీస్తుందని సంస్థలు అభ్యంతరాలు చెబుతూ వచ్చాయి. ఆ అభ్యంతరాల్లో కొంత నిజం ఉండవచ్చు. అయితే మొబైల్ ఫోనులో సిమ్ మార్చుకున్నంత తేలికగా నంబరు మార్చకుండానే సంస్థను మార్చుకునే దేశం మనది. టీవీ డబ్బా విషయంలో ఇంతకాలం దారి దొరకలేదంటే, వెతకాల్సినవాళ్లు వెతకలేదని అనుకోక తప్పడం లేదు.

కనుక మా అభిప్రాయం ఇది. ఎవరి అనుమతీ అక్కరలేకుండా పనిచేసే వస్తువును కొనుక్కోవాలి. ఒక సంస్థ ఔనంటేనే పనిచేసే వస్తువు ఆ సంస్థ సొమ్ముగానే ఉండి, మన ఇంట్లో అద్దెకుండటం మంచిది. డిష్, ఎల్‌ఎన్‌బీ, వైరు, టీవీ మొదటి రకం. తాళం వేసిన డబ్బా రెండో రకం.

డబ్బుల లెక్క చూద్దాం. ఉదాహరణకు డబ్బా వెల 1,500 రూపాయలు, అద్దె నెలకు 50 రూపాయలు అనుకుందాం. ముప్పై నెలలకు రెండూ సమానమవుతాయి. ఐదేళ్లు అదే చోట, అదే సంస్థతో ఉండేవారికి అద్దె 3,000 అవుతుంది. కాగితం మీద చూస్తే కొనడమే లాభం. కానీ ఈ లెక్కలో మన పల్లెల వాన లేదు, పిడుగు లేదు, కరెంటు లేదు. జూన్ నుంచి అక్టోబరు దాకా ఉరుము వినగానే ప్లగ్గు, వైరు పీకేసే అలవాటు ప్రతి ఊళ్లోనూ ఉంది. పీకడం మరచిన రోజున డబ్బా పోతుంది. వోల్టేజి ఒక్కసారిగా ఎక్కితే అడాప్టరు పోతుంది. ఎల్‌ఎన్‌బీలోకి నీళ్లు దిగుతాయి, వైరును కోతులు లాగేస్తాయి. కొన్న డబ్బాకు వారంటీ సాధారణంగా ఏడాది. రెండో ఏడు పిడుగు పడితే ఖర్చు మనది. అద్దె డబ్బా అయితే, ఒప్పందం సరిగ్గా ఉంటే, పాడైనదాన్ని మార్చి ఇవ్వాల్సిన పని దాని యజమానిది. నెలకు ఆ యాభై రూపాయలు కట్టేది ముఖ్యంగా ఈ భరోసా కోసమే. ‘అద్దె కట్టండి, మరమ్మతూ మీదే’ అనే ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. అందులో అద్దెదారుకు వచ్చే మేలు ఒక్కటీ లేదు.

అద్దెలో ఒక దిగులు కూడా ఉంది, అది దాచకూడదు. డబ్బా వెల ఎప్పుడో వసూలైపోయినా అద్దె ఆగదు. రీఛార్జి మొత్తంలో కలిసిపోయి, పేరు కూడా కనబడకుండా, ఏళ్లకేళ్లు పోతూనే ఉంటుంది. ఛానెళ్లకు కట్టేది వేరు. 2019 ఫిబ్రవరి నుంచి అమలైన కొత్త పద్ధతిలో ఛానెళ్ల ధరతో పాటు నెట్‌వర్క్ రుసుము అనేది విడిగా వచ్చింది. మొదట దానికి 130 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టి, ఆపైన పన్ను వేశారు. 2024 జూలైలో ఆ పరిమితిని తీసేశారు. డిష్ బిగించినందుకు 350 రూపాయలు, సేవ మొదలుపెట్టినందుకు 100 రూపాయలు మించి తీసుకోరాదన్న హద్దు కూడా అప్పుడే పోయింది, ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ సంస్థలకు వచ్చింది. పోటీ ఉన్నప్పుడు ధరలు వాటంతటవే అదుపులో ఉంటాయన్నది దాని వెనుక ఆలోచన. కానీ డబ్బా ఒకే సంస్థకు కట్టుబడి ఉన్నప్పుడు పోటీ వినియోగదారు గడప దాకా రాదు. రెండు వేలు పోసి డబ్బా కొన్న మనిషి ఇంకో సంస్థ నెలకు ముప్పై రూపాయలు తగ్గించి ఇస్తానన్నా కదలడు. కదిలితే ముందు పెట్టిన రెండు వేలు పోయినట్టే కదా. సొంత డబ్బా మనిషిని ఇలా కట్టిపడేస్తుంది. అద్దె డబ్బా అయితే తిరిగి ఇచ్చేసి వెళ్లిపోవచ్చు.

సంస్థకే ఏదైనా అయితే ఏమిటన్నది ఇంకో విషయం. 2010 జూలైలో ఇన్సాట్-4బీలో విద్యుత్ సరఫరా దెబ్బతిని, దాని ప్రసార సామర్థ్యంలో సగం మూతపడింది. దక్షిణాదిలో ఎంతోమంది చందాదారులున్న సన్ డైరెక్ట్ సేవ ఒక్కసారిగా ఆగిపోయి, మలేసియాకు చెందిన మీశాట్-3కి మారవలసి వచ్చింది. ఉపగ్రహం మారితే ఊరూరా డిష్‌లు తిప్పాలి. ఎవరో వచ్చి తిప్పేదాకా కొన్న డిష్, కొన్న డబ్బా మౌనంగా ఉండవలసిందే. రిలయన్స్ బిగ్ టీవీ కథ ఇంకా విచారకరం. 2008లో మొదలైన ఆ సేవ తర్వాత చేతులు మారింది, పేరు మారింది, చివరికి 2019 నాటికి ఆగిపోయింది. సంవత్సరాలకు సరిపడా ముందే డబ్బు కట్టినవాళ్లూ దాని చందాదారుల్లో ఉన్నారు. ఆ డబ్బాలు మంచి స్థితిలోనే ఉన్నాయి. వాటిని తెరిచే ఆదేశం పంపేవారు లేరు. అద్దెకు తీసుకున్నవారు అలాంటప్పుడు పోగొట్టుకునేది మహా అయితే ఒక నెల అద్దె, డిపాజిట్టు.

ఈ మాట అందరికీ ఒకేలా వర్తించదు. సొంత ఊళ్లో, సొంత ఇంట్లో స్థిరంగా ఉండి, పదేళ్లుగా ఒకే సంస్థతో సంతృప్తిగా ఉన్నవారు కొనుక్కుంటే నష్టపోయేది లేదు. ప్రతి రెండు మూడేళ్లకూ బదిలీ అయ్యే బ్యాంకు ఉద్యోగి, పదకొండు నెలల ఒప్పందంతో అద్దె ఇళ్లు మారే దంపతులు, కోచింగ్ కోసం గది తీసుకుని నలుగురు కలిసి ఉండే కుర్రాళ్లు కొనవలసిన పని లేదు. వాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంటుంది. మేడ ఎక్కడానికి ఇంటి యజమాని ఒప్పుకోవాలి, గోడకు కన్నం పెట్టనివ్వాలి. కొందరు యజమానులు మేడ మీద ఒకే డిష్ పెట్టి అన్ని వాటాలకూ వైర్లు లాగించి ఉంచుతున్నారు. అది మెచ్చుకోవలసిన పని. కొత్తగా దిగేవారికి ఖర్చు తప్పుతుంది, మేడ శుభ్రంగా ఉంటుంది. అపార్టుమెంటు సంఘాలు లిఫ్టు గురించి, బోరు నీళ్ల గురించి చర్చించినట్టే దీని గురించీ ఒక సమావేశంలో మాట్లాడుకుంటే బాగుంటుంది.

మా మనసు ఎక్కువగా వెళ్లేది ఊళ్లో మిగిలిపోయిన పెద్దవాళ్ల వైపు. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటారు. అక్కడినుంచే ఫోనులో అమ్మానాన్నల టీవీకి రీఛార్జి చేస్తారు. గడువు తేదీ గుర్తుపెట్టుకుని, సాయంత్రం సీరియల్ ఆగకుండా చూసుకోవడం కూడా ఒక సేవే, దాన్ని తక్కువ చేయనక్కరలేదు. అయితే పిల్లలు రీఛార్జి చేయగలరు కానీ, డబ్బా పాడైతే అక్కడినుంచి ఏమీ చేయలేరు. ‘సిగ్నల్ లేదు’ అని తెర మీద కనిపిస్తే, అది వాన వల్లనా, వైరు వల్లనా, డబ్బా వల్లనా అని తెలుసుకోవడం డెబ్బై ఏళ్ల మనిషికి కష్టం. సేవా కేంద్రానికి ఫోను చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు తప్ప మనిషి దొరకడం గగనం. అలాంటి ఇంటికి కొనుగోలా, అద్దెయా అని తేల్చేముందు, పిలిస్తే వచ్చే మనిషి ఊళ్లోనో మండల కేంద్రంలోనో ఉన్నాడా అని చూడాలి. ఒక్కోసారి ఆ వీధి కేబుల్ ఆయనే అన్నిటికన్నా నయం. పేరు పెట్టి పిలిస్తే పలుకుతాడు, డబ్బా ఆడకపోతే పాతదేదో తెచ్చి తగిలించి పోతాడు. పెద్దవాళ్ల కోసం నిర్ణయం తీసుకునే పిల్లలు వంద ఛానెళ్ల జాబితా కన్నా ముందు ఈ ఒక్క సంగతి కనుక్కుంటే అమ్మానాన్నలు సుఖపడతారు.

కొనుక్కోమని మనస్ఫూర్తిగా చెప్పగలిగింది ఒకటుంది, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి వారి ఫ్రీ డిష్. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. మొదట్లో అది కూడా ఎన్‌ఎస్‌ఎస్-6 అనే విదేశీ ఉపగ్రహం మీదే నడిచింది. ఇప్పుడు 2015లో ప్రయోగించిన మన జీశాట్-15 మీద ఉంది. ఒకసారి డిష్, డబ్బా కొనుక్కుంటే నెలనెలా కట్టేది ఏమీ లేదు. డబ్బాలు ఎన్నో కంపెనీలు చేస్తాయి, బజారులో బేరమాడి కొనుక్కోవచ్చు, పాడైతే ఇంకో కంపెనీది తెచ్చుకోవచ్చు. ఇల్లు మారితే వెంట తీసుకెళ్లవచ్చు. మూడు నెలలు పనికోసం వలస వెళ్లి వచ్చే కుటుంబానికి, వెళ్లిన రోజుల్లో డబ్బు పోతుందన్న బెంగ ఉండదు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి, చదువుకు సంబంధించిన ఛానెళ్లు ఎన్నో అందులో వస్తాయి. లోటు ఏమిటంటే, మన ఇళ్లలో రోజూ చూసే పేరున్న తెలుగు వినోద ఛానెళ్లు చాలావరకు అందులో లేవు. హిందీ ప్రాంతాల్లో ఫ్రీ డిష్‌కు ఉన్న ఆదరణ తెలుగునాట కనబడకపోవడానికి ఇదే ముఖ్య కారణం. కూలిపని చేసుకునే కుటుంబానికి కూడా నెలకు మూడు వందలు కట్టక తప్పని పరిస్థితి దీనివల్లే వస్తోంది. తెలుగు ఛానెళ్ల యాజమాన్యాలు కనీసం తమ పాత సినిమాలు, పాత సీరియళ్లతో ఒక్కో ఉచిత ఛానెల్ అయినా అక్కడ నడిపితే ఎంతో మేలు చేసినవారవుతారు.

అసలు డబ్బాయే అక్కరలేని రోజు కూడా దూరంలో లేదు. ఉపగ్రహ ట్యూనరు లోపలే ఉండే టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ప్రమాణం రూపొందించింది. అలాంటి టీవీకి డిష్ వైరు నేరుగా తగిలిస్తే ఉచిత ఛానెళ్లు వచ్చేస్తాయి. ఇంకోవైపు బ్రాడ్‌బ్యాండు, ఫోను టీవీ చోటును ఆక్రమిస్తున్నాయి. 2021 ప్రాంతంలో ఏడు కోట్లకు చేరువైన డీటీహెచ్ చందాదారుల సంఖ్య 2025 మార్చి నాటికి ఆరు కోట్ల లోపుకు దిగింది. తగ్గిన ప్రతి ఇంటి అటక మీదా ఒక డబ్బా ఉండి ఉంటుంది. ఇప్పుడు కొత్తగా డబ్బా కొనేవారు ఐదేళ్ల తర్వాత దాన్ని వాడతారో లేదో ఎవరూ చెప్పలేని కాలం ఇది. ఈ స్థితిలో కొనమని ఒత్తిడి చేయడం న్యాయం కాదు. ఎంతకాలం ఉంటుందో తెలియని వస్తువు భారాన్ని, దాన్ని వేల సంఖ్యలో బాగుచేసి మళ్లీ ఇంకో ఇంట్లో పెట్టగల సంస్థ మోయాలి. ఒక ఇంట్లో వద్దనుకున్న డబ్బా అటక మీద పడి ఉండటం కన్నా, తిరిగి వెళ్లి ఇంకో ఇంట్లో ఆడటం ఆ డబ్బాకూ, నేలకూ మంచిది.

ప్రభుత్వం నుంచి, సంస్థల నుంచి మేము అడిగేది పెద్ద సంస్కరణ కాదు. అన్ని డబ్బాలూ అన్ని సంస్థలకూ పనికివచ్చే రోజు రావాలి, దానికోసం ట్రాయ్ పట్టు విడవకూడదు. ఆ రోజు వచ్చేదాకా కనెక్షను ఇచ్చేటప్పుడు ఒకే ఒక్క కాగితం తెలుగులో ఇవ్వాలి. డబ్బా ఎవరిదో, అద్దె అయితే నెలకు ఎంతో, ఎన్ని నెలలకు ఆ అద్దె ఆగుతుందో, పిడుగు పడినా వైరు తెగినా ఎవరు బాగుచేస్తారో అందులో ఉండాలి. వద్దనుకుని డబ్బా తిరిగి ఇస్తే డిపాజిట్టు ఎన్ని రోజుల్లో చేతికి వస్తుందో కూడా రాయాలి. డిష్ బిగించే కుర్రాడు ఆ కాగితం చదివి వినిపించడానికి పట్టే సమయానికి కూడా సంస్థ అతనికి కూలి కట్టివ్వాలి. ఇప్పుడు రోజుకు ఇన్ని ఇళ్లు అన్న లెక్కతో పరుగెత్తే అతనికి ఆ తీరిక లేదు. రేపు వివాదం వచ్చి జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లవలసి వస్తే, ఆ ఇంటివాళ్ల చేతిలో ఉండే ఆధారం ఆ ఒక్క కాగితమే.